జీతం లేని చోట గడువు ఎలా నిలబడుతుంది?

2025 ఆగస్టు 9న డెబియన్ 13వ వెర్షన్ విడుదలైంది. దాని పేరు ట్రిక్సీ. డెబియన్ అనేది లినక్స్ మీద కట్టిన ఒక ఆపరేటింగ్ సిస్టమ్ (కంప్యూటర్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్). 1993లో ఇయన్ మర్డాక్ అనే విద్యార్థి దీన్ని మొదలుపెట్టాడు. ట్రిక్సీలో దాదాపు 70 వేల ప్యాకేజీలు (ప్రోగ్రామునూ దానికి కావలసిన ఫైళ్లనూ కలిపి, ఇన్‌స్టాల్ చేసుకోవడానికి సిద్ధం చేసిన కట్టలు) ఉన్నాయి. వాటి బాగోగులు చూసేవాళ్లు ఎన్నో దేశాల్లో ఉన్నారు. వాళ్లెవరికీ డెబియన్ జీతం ఇవ్వదు. కొందరికి వాళ్ల కంపెనీలు ఈ పనికి కాస్త వెసులుబాటు ఇస్తాయి. చాలామందికి మాత్రం ఇది ఆఫీసు అయ్యాక, సెలవురోజుల్లో చేసే పని.

అయినా ఆగస్టు 9 అని కొన్ని వారాల ముందే చెప్పారు. చెప్పిన రోజునే విడుదల చేశారు. ఇదెలా సాధ్యమైందో అర్థం కావాలంటే రెండు సంగతులు తెలియాలి. ఒకటి, ఎవరినీ ఆజ్ఞాపించలేని చోట విడుదల పట్టిక ఎలా వేస్తారన్నది. రెండోది, విడుదలకు ముందు బయటివాళ్ల చేత పరీక్ష ఎందుకు చేయిస్తారన్నది.

కంపెనీ సంగతి తేలిక. మేనేజర్ ఒక పనిని ఒకరికి అప్పగిస్తాడు, గడువు పెడతాడు. ఆలస్యమైతే ఇంకో ఇద్దరిని వేస్తాడు, శనివారం కూడా రమ్మంటాడు. స్వచ్ఛంద ప్రాజెక్టులో విడుదల బాధ్యత మోసే రిలీజ్ మేనేజర్‌కు ఈ అధికారాల్లో ఒక్కటీ లేదు. ‘ఈ లోపం శుక్రవారానికల్లా సరిచెయ్యి’ అని అతను ఎవరితోనూ అనలేడు. అన్నా, అవతలి మనిషికి ఇంట్లో పెళ్లి ఉండొచ్చు, ఉద్యోగంలో పని పెరిగి ఉండొచ్చు, అసలు ఆసక్తే పోయి ఉండొచ్చు. ఎందుకు చేయలేదో చెప్పాల్సిన అవసరం కూడా ఆ మనిషికి లేదు.

మరి అతని చేతిలో ఏముంది? వద్దనే అధికారం ఉంది. ఫలానా తేదీ తరువాత కొత్త మార్పులు తీసుకోం అనొచ్చు. ఈ ప్రోగ్రాము ఈసారి విడుదలలో ఉండదు అనొచ్చు. పని చేయించలేడు కానీ, పనిని చేర్చుకోకుండా ఆపగలడు. స్వచ్ఛంద ప్రాజెక్టుల విడుదల పట్టికలన్నీ ఈ ఒక్క అధికారం మీదే నిలబడ్డాయి. అందుకే ఆ పట్టికల్లో ‘ఈ పని ఈ రోజుకు పూర్తికావాలి’ అనే తేదీలు తక్కువ. ‘ఈ రోజు నుంచి ఈ రకం మార్పు ఒప్పుకోం’ అనే తేదీలే ఎక్కువ. అలా మార్పులను ఆపడాన్ని ఫ్రీజ్ అంటారు.

ఈ పద్ధతి మొదటినుంచీ లేదు. ఒకప్పుడు చాలా ప్రాజెక్టులు, అనుకున్న సౌకర్యాలన్నీ సిద్ధమయ్యాకే విడుదల చేసేవి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. దాని ఫలితం ఏమిటో డెబియన్ చరిత్రలోనే ఉంది. 3.0 వెర్షన్ (వుడీ) 2002 జూలైలో వచ్చింది. దాని తరువాతి 3.1 (సార్జ్) రావడానికి 2005 జూన్ దాకా పట్టింది. కొత్త ఇన్‌స్టాలర్ సిద్ధం కావాలన్నారు. భద్రతా సవరణలను 11 రకాల ప్రాసెసర్లకూ తయారుచేసి అందించే ఏర్పాటు కావాలన్నారు. రెండూ నిజంగా అవసరమే. కానీ అవి తయారయ్యేలోపు పూర్తయిపోయిన మిగతా ప్రోగ్రాములు పాతబడ్డాయి. పాతవాటి స్థానంలో కొత్తవి తెస్తే కొత్త లోపాలు వచ్చాయి. వాటిని సరిచేసేలోపు ఇంకొన్ని పాతబడ్డాయి. ఈ మధ్యలోనే, 2004 అక్టోబరులో, ఉబుంటు అనే కొత్త వ్యవస్థ పుట్టింది. అది డెబియన్‌నే ఆధారంగా తీసుకుంది. ఆరు నెలలకొక విడుదల అని ముందే చెప్పింది. డెబియన్ వాడుకరులు చాలామంది అటు వెళ్లారు.

ఇందులో ఎవరి సోమరితనమూ లేదు, లెక్కే అలా ఉంటుంది. మన ఊరికి బస్సు ఎప్పుడొస్తుందో తెలియదనుకోండి. వచ్చిన ఆ ఒక్క బస్సులోనే అందరూ ఎక్కాలని చూస్తారు. ఫుట్‌బోర్డు మీద వేలాడతారు. ‘మా తమ్ముడు వస్తున్నాడు, ఒక్క నిమిషం ఆపండి’ అని కండక్టరును బతిమాలతారు. బస్సు ఇంకా ఆలస్యమవుతుంది. అదే గంటకో బస్సు ఠంచనుగా వస్తుందని నమ్మకం ఉంటే, తప్పినవాళ్లు నింపాదిగా తరువాతిదానికి నిలబడతారు. సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంతే. తరువాతి విడుదల ఎప్పుడో తెలియకపోతే ప్రతి ప్రోగ్రామరూ తన పనిని ఈసారే ఎక్కించాలని పట్టుబడతాడు. ఆరు నెలల్లో ఇంకోటి ఉందని తెలిస్తే పట్టు సడలిస్తాడు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ నమ్మకం తేదీ ప్రకటించినంత మాత్రాన రాదు. నాలుగైదుసార్లు తేదీ నిలబెట్టుకున్నాకే వస్తుంది.

అందుకే పెద్ద ప్రాజెక్టులు ఒకదాని వెంట ఒకటి తేదీ పద్ధతికి మారాయి. లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికన్నా అడుగున ఉండే భాగం) 2.4 వెర్షన్ 2001 జనవరిలో వస్తే, 2.6 వెర్షన్ 2003 డిసెంబరులో వచ్చింది. ఇప్పుడు కొత్త మార్పులు తీసుకోవడానికి రెండు వారాలే గడువు. ఆ తరువాత ఏడెనిమిది వారాలు సరిదిద్దడమే పని. ఆ పైన విడుదల, మళ్లీ మొదటికి. కెర్నెల్‌లో పనిచేసేవాళ్లలో ఇప్పుడు చాలామంది కంపెనీ ఉద్యోగులే. కానీ ఆ మార్పులను చివరగా ఒప్పుకునే లైనస్ టోర్వాల్డ్స్ వాళ్ల యజమాని కాడు కదా, కాబట్టి ఆయనకున్నదీ వద్దనే అధికారమే. గ్నోమ్ (లినక్స్‌లో వాడే ఒక డెస్క్‌టాప్) మార్చి, సెప్టెంబరు నెలల్లో వస్తుంది. లిబ్రెఆఫీస్ (పత్రాలు, పట్టికలు తయారుచేసుకునే ఆఫీసు సాఫ్ట్‌వేర్) ఫిబ్రవరి, ఆగస్టు ప్రాంతంలో వస్తుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష 2020 నుంచి ఏటా అక్టోబరులో కొత్త వెర్షన్ తెస్తోంది. డెబియన్‌కు ఒకప్పుడు నాయకుడిగా ఉన్న మార్టిన్ మిఖల్‌మేయర్ తరువాత కేంబ్రిడ్జ్‌లో ఇదే విషయం మీద పరిశోధన చేశాడు. ఎక్కడెక్కడో ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు ఒకరినొకరు అడగకుండానే పనులు కుదుర్చుకోవడానికి తేదీల పట్టిక ఉపయోగపడుతుందని ఆయన వాదన.

తేదీ పద్ధతికీ నష్టాలున్నాయి. ఆరు నెలల్లో ముగియని పెద్ద పనిని విడిగా పెట్టుకుని, సిద్ధమయ్యాకే కలపాలి. ఫ్రీజ్‌కు ముందు వారం హడావుడి ఎక్కువ, ఆ హడావుడిలో సరిగా చూడని మార్పులు లోపలికి వచ్చేస్తాయి. ఎప్పుడూ తేదీకే అంటుకుపోవడం కూడా తెలివి కాదు. 2006 ఏప్రిల్‌లో రావాల్సిన ఉబుంటును జూన్‌కు జరిపారు. పేరే 6.06 అయింది. సర్వర్లకు అయిదేళ్ల మద్దతు ఇస్తామన్న వెర్షన్ కాబట్టి ఆరు వారాలు అదనంగా తీసుకున్నారు. మంచి నిర్ణయమనే నా అభిప్రాయం. ముందే చెప్పి జరిపిన తేదీ నమ్మకాన్ని అంతగా చెడగొట్టదు. రోజులు గడిచిపోయాక నసిగితేనే చెడుతుంది.

డెబియన్ మధ్యే మార్గం పట్టింది. ఫ్రీజ్ తేదీలు ముందే ప్రకటిస్తుంది, విడుదల తేదీని మాత్రం చివర్లో చెబుతుంది. ట్రిక్సీ పట్టిక చూస్తే దీని వెనక ఆలోచన తెలుస్తుంది. 2025 మార్చి 15న, చాలా ప్యాకేజీలు ఆధారపడే లైబ్రరీలనూ కంపైలర్ల వంటి నిర్మాణ పనిముట్లనూ ఇక కదిలించవద్దన్నారు. ఏప్రిల్ 15 నుంచి కొత్త ప్యాకేజీలు చేర్చుకోలేదు, చిన్న సవరణలే తీసుకున్నారు. మే 15 నుంచి కీలకమైన ప్యాకేజీల్లోనూ, ఆటోమేటిక్ పరీక్షలు సరిగా లేని ప్యాకేజీల్లోనూ ఏ మార్పు చేయాలన్నా విడుదల బృందం చూసి ఒప్పుకోవాలి. జూలై 27 నుంచి ప్రతి మార్పుకూ అనుమతి కావాలి. రెండు వారాల తరువాత విడుదల. ముందు ఆగేది ఎక్కువ ప్రోగ్రాములు ఆధారపడేది, చివర ఆగేది ఎవరూ ఆధారపడనిది. అడుగున ఉన్నది కదులుతూ ఉంటే పైన చేసే పరీక్షకు విలువ లేదు.

ఫ్రీజ్ లేని కాలంలోనూ ఒక జల్లెడ నడుస్తూనే ఉంటుంది. ఏ ప్యాకేజీ అయినా మొదట ‘అన్‌స్టేబుల్’ అనే విభాగంలోకి వస్తుంది. దాని ముద్దుపేరు సిడ్. డెబియన్ వెర్షన్లకు ‘టాయ్ స్టోరీ’ సినిమాల్లోని పాత్రల పేర్లు పెడతారు. సిడ్ అంటే అందులో బొమ్మలను విరగ్గొట్టే కుర్రాడు. మామూలుగా అత్యవసరాన్ని బట్టి 2, 5 లేదా 10 రోజులు ప్యాకేజీ అక్కడ ఉండాలి. ఆ లోపు పెద్ద లోపమేదీ ఎవరూ చెప్పకపోతే అది ‘టెస్టింగ్’ అనే విభాగానికి వెళుతుంది. రేపటి విడుదల ఈ టెస్టింగ్ నుంచే తయారవుతుంది.

ఇక కనిపించకుండా పోయిన మనుషుల సంగతి. ప్యాకేజీలో విడుదలను ఆపేంత లోపం ఉంది, దాన్ని చూసుకునే మనిషి జవాబివ్వడం లేదు. అప్పుడు రెండు దారులున్నాయి. వేరొకరు ఆ ప్యాకేజీని సరిచేసి పంపొచ్చు, నియమాలు ఒప్పుకుంటాయి. ఎవరూ ముందుకు రాకపోతే, అది కీలకమైనది కానప్పుడు, కొన్నాళ్లకు తనంతట తానే టెస్టింగ్ నుంచి తొలగిపోతుంది. ఒక్కడి కోసం వేలమంది ఆగాల్సిన పని లేదు. కఠినంగా అనిపిస్తుంది కానీ ఇందులో ఒక మర్యాద కూడా ఉంది. రాని మనిషిని ఎవరూ నిలదీయరు.

డబ్బిస్తే పని త్వరగా అవుతుంది కదా అని మీకు అనిపించి ఉండొచ్చు. డెబియన్‌లో కొందరికీ అనిపించింది. 2006లో డంక్-ట్యాంక్ పేరుతో విరాళాలు పోగుచేసి, ఇద్దరు రిలీజ్ మేనేజర్లు చెరో నెల పూర్తికాలం పనిచేసేలా డబ్బు ఇచ్చారు. ఆ ఏడాది డిసెంబరులో తరువాతి వెర్షన్ (ఎచ్) తేవాలన్నది లక్ష్యం. పెద్ద గొడవైంది. మేమంతా ఊరికే చేస్తుంటే ఇద్దరికే డబ్బా అని కొందరు బాధపడ్డారు, కొందరు పని తగ్గించారు. ఎచ్ 2007 ఏప్రిల్ 8న వచ్చింది. ఆలస్యానికి అదొక్కటే కారణమని చెప్పలేం. కానీ ఇష్టంతో చేసే పనిలోకి కొందరికి మాత్రమే కూలి వస్తే మిగతావాళ్ల ఇష్టం మీద ఆ దెబ్బ పడుతుందని మాత్రం తేలింది.

ఇప్పుడు పరీక్ష సంగతి. తయారీలో ఉన్న వెర్షన్‌ను మూడు దశల్లో బయటికి ఇస్తారు. ఆల్ఫా (సౌకర్యాలు ఇంకా చేరుతూ ఉన్న దశ) ధైర్యం ఉన్నవాళ్ల కోసం. బీటా (సౌకర్యాలన్నీ చేరి, లోపాలు వెతికే దశ) ఆసక్తి ఉన్న మామూలు వాడుకరుల కోసం. చివరిది రిలీజ్ క్యాండిడేట్ (పెద్ద లోపం బయటపడకపోతే ఇదే విడుదల అనుకునే వెర్షన్). పైథాన్‌లో మొదటి బీటా వచ్చాక కొత్త సౌకర్యం ఒక్కటీ చేర్చరు. ఆ పైన మూడు నెలలు బీటాలు, రెండు నెలలు రిలీజ్ క్యాండిడేట్లు.

బయటివాళ్లు ఎందుకు? రాసినవాడు తన ప్రోగ్రామును తను అనుకున్న దారిలోనే వాడతాడు. వాడుకరి అలా వాడడు. పాత ప్రింటరు, పదేళ్ల కిందటి ఫైలు, తెలుగు కీబోర్డు, సగంలో పోయే కరెంటు అన్నీ అతని దగ్గరే ఉంటాయి. కంపెనీ అయితే ఇలాంటి యంత్రాలు కొన్ని కొని ల్యాబులో పెడుతుంది. స్వచ్ఛంద ప్రాజెక్టుకు ఆ ల్యాబు మనమే.

దశల పేర్లు ఏదో లాంఛనం అనుకోకూడదు. డెబియన్ 1.0 అనే వెర్షన్ అసలు లేదు. 1995 చివర్లో ఒక సీడీ కంపెనీ తయారీలో ఉన్న కాపీనే తీసుకుని 1.0 అని ముద్ర వేసి అమ్మేసింది. అది సరిగా పనిచేయదు. జనం దాన్నే అసలు వెర్షన్ అనుకుంటారన్న భయంతో డెబియన్ ఆ సంఖ్యనే వదిలేసి 1996లో 1.1ని విడుదల చేసింది. పరీక్ష కోసం ఇచ్చిన వెర్షన్ మీద ఆ మాట స్పష్టంగా లేకపోతే ప్రాజెక్టు పరువే పోతుంది.

ఇంకో సంగతి సార్జ్‌ది. మూడేళ్లు ఎదురుచూసి విడుదల చేసిన మొదటి సీడీల్లో ఒక లోపం దొరికింది. భద్రతా సవరణలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో చెప్పే వరుస పనిచేయని స్థితిలో ఉంది, పైగా టెస్టింగ్ విభాగం వైపు చూపిస్తోంది. సార్జ్ ‘టెస్టింగ్’గా ఉన్నన్నాళ్లూ అది తప్పుగా కనిపించలేదు. ‘స్టేబుల్’గా (అంటే విడుదలైన వెర్షన్‌గా) మారిన రోజునే తప్పయింది. వెంటనే సీడీలు మళ్లీ తయారుచేశారు. ఎంతకాలం పరీక్షించినా, పరీక్షించినదీ విడుదల చేసినదీ ఒకటే కాకపోతే ఇలా జరుగుతుంది. రిలీజ్ క్యాండిడేట్ దశ ఉన్నది ఇందుకే. దానికీ అసలు విడుదలకూ మధ్య అక్షరం కూడా తేడా లేకుండా ఉంటేనే ఆ పరీక్ష లెక్కలోకి వస్తుంది.

బీటా ఎంతకాలం ఉండాలి? తక్కువైతే లాభం లేదు. పరీక్షించేవాడు దింపుకోవాలి, తన పనిలో వాడాలి, లోపం కనిపెట్టి చెప్పాలి. ప్రోగ్రామర్ సరిచేయాలి. సరిచేసింది మళ్లీ ఇంకొకరు చూడాలి. అందరూ తీరిక వేళల్లో చేసేవాళ్లే కాబట్టి ఇదంతా ఒకసారి తిరగడానికే రెండు మూడు వారాలు పడుతుంది. మరీ ఎక్కువైనా నష్టమే. జనానికి విసుగొస్తుంది, నాలుగో బీటాను ఎవరూ దింపుకోరు. చిన్న ప్రాజెక్టుకు రెండు బీటాలు, ఒక రిలీజ్ క్యాండిడేట్ సరిపోతాయని నా అంచనా.

అందుకే పట్టికను వెనక నుంచి రాయాలి. ఐదుగురు మిత్రులు కలిసి ఒక తెలుగు నిఘంటువు యాప్ చేస్తున్నారనుకుందాం. బడులు తెరిచే జూన్ రెండోవారానికి విడుదల కావాలి. దానికి రెండు వారాల ముందు రిలీజ్ క్యాండిడేట్, అంటే మే చివర. రెండు బీటాలకు ఆరు వారాలు, అంటే మొదటి బీటా ఏప్రిల్ మధ్యలో. కొత్త సౌకర్యాలు ఆపడం ఏప్రిల్ మొదటివారంలో. ఆ ఐదుగురిలో ఇద్దరు విద్యార్థులైతే మార్చి, ఏప్రిల్ నెలలు పరీక్షలకే పోతాయి. కాబట్టి అసలు ప్రోగ్రామింగ్ ఫిబ్రవరి చివరికే ముగియాలి. సంక్రాంతికి పది రోజులు ఎవరూ దొరకరు. ఇంతా లెక్కవేస్తే జనవరి మొదట్లో మొదలుపెట్టిన పనికి నిజంగా దొరికేది ఆరేడు వారాలే. ఆ ఆరేడు వారాల్లో పట్టనిదాన్ని ఇప్పుడే తరువాతి వెర్షన్‌కు వాయిదా వేయాలి. ఏప్రిల్‌లో తీసేయడం కన్నా జనవరిలో ఒప్పుకోకపోవడం అందరికీ తేలిక.

అనువాదకులకు ఈ పట్టికలో ఇంకో తేదీ ముఖ్యం. మెనూల్లో, సందేశాల్లో ఉండే ఇంగ్లిష్ మాటలను ఇక మార్చకూడదనే రోజు. దాన్ని స్ట్రింగ్ ఫ్రీజ్ అంటారు. ఆ రోజు తరువాత ప్రోగ్రామర్ ఒక వాక్యం మార్చినా, దాని పాత తెలుగు అనువాదం పనికిరాకుండా పోతుంది. తెలుగు మెనూ మధ్యలో ఒక ఇంగ్లిష్ వరుస పొడుచుకుని కనిపిస్తే చాలాసార్లు కారణం ఇదే. తప్పు అనువాదకుడిది కాదు.

పరీక్షలో ఒక తెలుగు అక్షరం తప్పిపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ‘జ్ఞా’ అనే అక్షరంలో కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు కలిసిన వరుస వచ్చిందంటే ఐఫోన్‌లో దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలేది. సందేశంలో వస్తే సందేశాల యాప్ తెరుచుకునేది కాదు. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు 11.2.6 వెర్షన్ ఇచ్చి సరిచేసింది. అప్పటికే పరీక్షలో ఉన్న 11.3 బీటాలో ఆ లోపం లేదు కూడా. డబ్బుకు కొదవలేని కంపెనీకే విడుదలకు ముందు ఒక తెలుగు అక్షరం కనబడకపోతే, స్వచ్ఛంద ప్రాజెక్టులో మన లిపిని ఎవరు చూస్తారు? తెలుగు రాని ప్రోగ్రామర్‌కు ‘స్త్రీ’ సరిగా పడిందో లేదో తెలియదు. బ్యాక్‌స్పేస్ నొక్కితే గుణింతం పోవాలా, అక్షరమంతా పోవాలా అన్నది అతనికి తట్టే ప్రశ్న కాదు. పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే అక్షరాలు చెదిరిపోతున్నాయని మనం చెప్పేదాకా అతనికి తెలిసే దారి లేదు.

చెప్పడంలోనూ ఒక పద్ధతి ఉంది. ‘తెలుగు పనిచేయడం లేదు’ అంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ ఫాంటు, ఏ పదం టైపు చేశారు, ఏం రావాలి, ఏం వచ్చింది అన్నీ రాయాలి. తెర ఫొటో ఒకటి, ఆ లోపం కనిపించే చిన్న ఫైలు ఒకటి జతచేయాలి. పాత వెర్షన్‌లో అదే ఫైలు బాగానే తెరుచుకుంటే ఆ మాట తప్పకుండా చెప్పాలి. విడుదల బృందాలు అన్నిటికన్నా ముందు పట్టించుకునేది నిన్నటిదాకా పనిచేసి ఇవాళ చెడినదాన్నే.

లిబ్రెఆఫీస్ ఫిబ్రవరి, ఆగస్టు వెర్షన్లకు బీటాలు సుమారు రెండు నెలల ముందు వస్తాయి. బీటా వేరే పేరుతో పక్కనే ఇన్‌స్టాల్ అవుతుంది కాబట్టి మీ రోజువారీ పనికి అడ్డురాదు. ఈసారి వచ్చినప్పుడు మీ దగ్గరున్న తెలుగు ఫైళ్లలో అన్నిటికన్నా చిక్కైనదాని నకలు ఒకటి అందులో తెరవండి. పట్టికలు, ఒత్తులు, రెండు మూడు ఫాంట్లు ఉన్న ఫైలైతే మరీ మంచిది. తేడా కనిపిస్తే వాళ్ల బగ్జిల్లాలో (లోపాలు నమోదు చేసే వెబ్‌సైటులో) ఆ వారమే నమోదు చేయండి. రిలీజ్ క్యాండిడేట్ దాకా ఆగితే, నిజమైన లోపాన్ని కూడా తరువాతి వెర్షన్‌కు తోసేయడం తప్ప వాళ్లకు వేరే దారి ఉండకపోవచ్చు.